‘నెట్ రావట్లేదు’ అంటే రానిది ఏది?

‘పేజీ తెరవట్లేదు’, ‘తెరుచుకోవట్లేదు’, ‘ఓపెన్ అవ్వట్లేదు’, వీటిలో ఏది సరి అని నిన్న ఇక్కడ ఒకరు అడిగారు. జవాబు రాద్దామని కూర్చుంటే పోయిన నెల మా ఇంట్లో జరిగింది గుర్తొచ్చింది. ముందు అదే చెప్తాను. ఆ రోజు మాకు దారి చూపించింది ఒక్క క్రియాపదమే.

మేం బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. కింది పోర్షన్లో మా అత్తయ్య. ఒక సాయంత్రం ఫోన్ చేసి, “నెట్ రావట్లేదు నాన్నా, కరెంటు బిల్లు కట్టాలి” అన్నారు. దిగి చూస్తే రౌటర్ మీద లైట్లన్నీ పచ్చగానే వెలుగుతున్నాయి. అదే వైఫై మీద ఆవిడ ఫోన్లో వాట్సాప్ వీడియో కాల్ కూడా నడుస్తోంది. ల్యాప్‌టాప్‌లో మాత్రం ఒక్క సైటూ లేదు. రౌటర్ ఆపి మళ్లీ వేశాను. క్రోమ్ వదిలేసి ఫైర్‌ఫాక్స్‌లో చూశాను. క్యాష్, అంటే బ్రౌజర్ దాచుకున్న పాత పేజీలు, ఖాళీ చేశాను. ఏం లాభం లేదు. నెట్ వాళ్లకు ఫోన్ చేస్తే, “మీకు నెట్ వస్తోంది సార్” అన్నారు. రావట్లేదని నేను. పది నిమిషాలు అదే మాట మీద వాదించుకున్నాం. ఇద్దరం చెప్పిందీ నిజమే.

ఇంతలో అత్తయ్య కళ్లజోడు సరిచేసుకుని తెర మీద ఉన్నది చదివారు. “ఇది రాలేదనట్లేదు కదరా, అడ్రసు దొరకలేదంటోంది” అన్నారు.

రాకపోవడం వేరు, దొరకకపోవడం వేరు. మనం కొట్టేది సైటు పేరు. కంప్యూటర్‌కి కావాల్సింది అంకెల చిరునామా. ఫలానా పేరుకి ఫలానా అంకె అని చెప్పే ఏర్పాటే డీఎన్ఎస్. 1983లో పాల్ మొకపెట్రిస్ దీన్ని రూపొందించారు. అంతకు ముందు పేర్లన్నీ ఒకే ఫైల్లో ఉండేవి, దాన్నే అందరూ దించుకునేవాళ్లు. బ్రౌజర్ ముందుగా చేసేది ఈ వెతుకులాటే. అది తప్పితే నెట్ ఎంత జోరుగా వస్తున్నా పేజీ ఉండదు.

ఆదేశాలు టైపు చేసే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, గూగుల్ వాళ్ల అంకెల చిరునామా 8.8.8.8కి పింగ్ కొట్టాను, అంటే ‘ఉన్నావా’ అని పలకరించాను. వెంటనే జవాబు వచ్చింది. సైటు పేరుతో కొడితే రాలేదు. అంటే దారి బాగానే ఉంది, అడ్రసు చెప్పే మనిషే లేడు. వైఫై సెట్టింగ్స్‌లో చూస్తే డీఎన్ఎస్ గళ్లో 10తో మొదలయ్యే నంబరొకటి చేత్తో రాసి ఉంది. వారం రోజులుండి అంతకు ముందు రోజే వెళ్లిన మా బావ, ఆఫీసు పనికని పెట్టుకున్న నంబరది. వాళ్ల ఆఫీసు వీపీఎన్‌లో, అంటే బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లే ప్రత్యేక దారిలో, ఉన్నప్పుడే అది పలుకుతుంది. ఆటోమేటిక్‌కి మార్చగానే బిల్లు పేజీ వచ్చేసింది.

ఇక అడిగిన ప్రశ్నకి వస్తాను. తెరవడం సకర్మకం, ఒకరు చేసే పని. ‘పేజీ తెరవట్లేదు’ అంటే ఎవరు తెరవట్లేదని అడగాల్సి వస్తుంది. తలుపు తెరుచుకుంది అన్నట్టే పేజీ తెరుచుకోవాలి. కాబట్టి ‘తెరుచుకోవట్లేదు’ సరి. ‘ఓపెన్ అవ్వట్లేదు’ కూడా సరే. ఇంగ్లీషు మాట తెచ్చుకున్నా ‘అవ్వు’, ‘చెయ్యి’ తేడా మనం వదల్లేదు, చూడండి.

కానీ నాకు అంతకన్నా ముఖ్యం అనిపించేది మిగతా క్రియలు. ల్యాప్‌టాప్‌లో తేదీ తప్పితే, ముఖ్యంగా పాత మెషీన్లో తేదీని నిలిపే బిళ్ల బ్యాటరీ అయిపోయినప్పుడు, నెట్ వస్తుంది, అడ్రసూ దొరుకుతుంది. కానీ తానెవరో రుజువుగా సైటు చూపించే సర్టిఫికెట్ గడువు ఆ తప్పు తేదీతో సరిపోదు కాబట్టి బ్రౌజర్ దాన్ని ఒప్పుకోదు. దానికి ‘ఒప్పుకోవట్లేదు’ అనాలి. హాస్టల్ వైఫైలో లాగిన్ పేజీ దాటేదాకా ‘లోపలికి పోనివ్వట్లేదు’. ఇవేవీ కొత్తగా పుట్టించిన మాటలు కావు, రోజూ ఇంట్లో వాడుకునేవే. అన్నింటినీ ‘రావట్లేదు’లో కలిపేస్తే బాగుచేసేవాడికి పని ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు.

ఇక్కడి కన్నడిగులు ‘నెట్ బర్తా ఇల్ల’ అంటారు, చెన్నైలో ‘నెట్ వరల’ అంటారు. రెండూ రావట్లేదనే. నీళ్లు, కరెంటు, బస్సు, నెట్: మన మూడు భాషల్లోనూ ఇవన్నీ మన దగ్గరికి రావాల్సినవే. నెట్‌వర్క్ ‘సిగ్తా ఇల్ల’ అని కూడా కన్నడంలో విన్నాను. సిగడం అంటే దొరకడం.

వ్యాఖ్య: మా కరీంనగర్ల ‘నెట్ వస్తలేదు’ అంటం. చక్రం తిరుగుకుంటనే ఉంటే ‘తిరుగుతనే ఉంది’ అంటం. అది కూడా మీ లెక్కల చేరుతదా?

జవాబు: తప్పకుండా చేరుతుందండీ, చాలా మంచి మాట ఇచ్చారు. ‘దొరకలేదు’ అంటే వెతకడం అయిపోయి లేదని తేలినట్టు. ‘తిరుగుతనే ఉంది’ అంటే అడిగింది కానీ అవతలి నుంచి జవాబు ఇంకా రాలేదన్నట్టు. అప్పుడు తేదీలూ సర్టిఫికెట్లూ వదిలేసి ముందు సిగ్నల్, ప్రాక్సీ (మధ్యవర్తి కంప్యూటర్) సెట్టింగ్ చూడాలి. ఈసారి అత్తయ్య ఫోన్ చేస్తే చక్రం తిరుగుతోందా, ఆగి ఏదైనా చెప్పిందా అనే మొదట అడుగుతాను.