అప్‌డేట్: నాన్నగారి సోరియాసిస్ మాకూ వస్తుందా?

నాన్నగారికి సోరియాసిస్ (చర్మం మీద పొలుసులు లేచే దీర్ఘకాలిక వ్యాధి) ఉన్నందున నాకూ, పిల్లలకూ వస్తుందా అని ఇంతకుముందు అడిగాను; నల్లగొండలో చర్మవ్యాధుల డాక్టరమ్మను కలిశాక ఈ వివరం రాస్తున్నాను. వంశపారంపర్యంగా ముప్పు పెరిగే మాట నిజమే గానీ, జన్యువులు ఉన్నంత మాత్రాన వ్యాధి వచ్చి తీరదని, గొంతులో స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్, పొగతాగడం, అధిక బరువు, మానసిక ఒత్తిడి వంటివి తోడైనప్పుడు బయటపడవచ్చని ఆమె వివరించారు. బీటా బ్లాకర్లు (బీపీకి, గుండె జబ్బులకు వాడే ఒక రకం మందులు), లిథియం (మానసిక వ్యాధికి ఇచ్చే మందు) కొందరిలో దీన్ని ఎక్కువ చేస్తాయి కనుక నాన్నగారి బీపీ మందుల చీటీని కూడా అడిగి చూశారు. అలాగని మాత్రలు సొంతంగా ఆపకూడదు. మిర్యాలగూడ రైస్‌మిల్లులో బస్తాలు మోసే నాన్నగారికి, రాపిడి తగిలే మోచేతుల మీదే తెల్లటి పొలుసులు లేవడానికి చర్మం దెబ్బతినడమూ ఒక కారణమట. ఇది అంటువ్యాధి కాదు, ఆయన కంచం వేరుగా పెట్టే చుట్టాలు ఈ ఒక్క మాటైనా వింటే చాలు. బీడీ మానిపించడమే ఇప్పుడు మా ఇంట్లో పెద్ద పంచాయితీ.