శనివారం మందు, సోమవారం బుర్ర మొద్దు

మాది చీమకుర్తి. గ్రానైట్ క్వారీలో బ్లాకులు కొలిచి క్యూబిక్ మీటర్లు లెక్కగట్టే పని. శనివారం రాత్రి ఒంగోల్లో క్వార్టర్ వేస్తే ఆదివారం తలనొప్పి, అది మామూలే. సోమవారానికి నొప్పి ఉండదు గానీ, టేపు మీద అంకె చూసి పుస్తకంలో రాసేలోపే ఎగిరిపోతోంది. మళ్లీ వంగి చూడాలి. మందు ఇంకా ఒంట్లోనే ఉందంటారా?

కావలి నుంచి: ఉండదన్నా. లివర్ సుమారు గంటకో చిన్న పెగ్గు కరిగిస్తుంది, ఆదివారం మధ్యాహ్నానికే ఖాళీ. దెబ్బ నిద్రకి. మందు పడగానే నిద్ర పట్టేస్తుంది, తెల్లవారుజామున మాత్రం ఊరికే మెలకువలు. కలలొచ్చే నిద్ర తగ్గుతుంది, జ్ఞాపకానికి అది కావాలి. ఆదివారం రాత్రి ఎలా పడుకుంటున్నావ్?

ఏం పడుకోవడం! మధ్యాహ్నం బిర్యానీ తిని సాయంత్రం దాకా నిద్ర, రాత్రి ఒంటిగంట దాకా ఫోను.

కందుకూరు నుంచి: ఇంకేం, సగం తప్పు ఫోనుదే! కాఫీతో కళ్లు తెరుచుకుంటాయి గానీ నిద్ర బాకీ తీరదబ్బాయ్. రోజూ తాగేవాళ్ల సంగతి వేరు, ఉన్నట్టుండి మానేసి చేతులు వణికితే డాక్టర్ దగ్గరికి పోవాల్సిందే.

రోజూ లేదు పెద్దాయనా. ఈ వారం మందు లేకుండా చూసి చెప్తా.