అమ్మ కాలి బొటనవేలికి కీలు మార్పిడా, ఫ్యూజనా?

ప్రశ్న (కాశీబుగ్గ నుంచి)
అమ్మకి 58 ఏళ్లు. జీడిపిక్కల పనికి వెళ్తుంది. కుడికాలి బొటనవేలి మొదట్లో, పైభాగాన ఎముక తేలింది. వేలు పైకి లేవట్లేదు. ఒక డాక్టరుగారు కీలు మార్చేద్దామన్నారు, ఇంకొకరు ఎముకలు అతికించేయడమే (ఫ్యూజన్) మేలన్నారు. ఇది కూడా మోకాలి మార్పిడి లాంటిదేనా? అతికించేస్తే అమ్మ నడవగలదా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు (ఫిజియోథెరపిస్టు, శ్రీకాకుళం)
తమ్ముడూ, ఎముక పైన తేలి వేలు బిగుసుకుపోయిందంటే హాలక్స్ రిజిడస్ కావచ్చు, అంటే కీలు అరుగుదల. ఎముక పక్కకి ఉబ్బి, బొటనవేలు రెండో వేలి మీదకి ఒరిగి మెట్టె కూడా పట్టనివ్వకపోతే అది బనియన్ (bunion) అనే వేరే సమస్య. దానికి మామూలుగా ఎముక కోసి సరిచేస్తారు. నిలబెట్టి తీసిన ఎక్స్‌రే ఉందా? వేలు ఎప్పుడైనా ఉన్నట్టుండి ఎర్రబడి వాచిందా? వాచి ఉంటే యూరిక్ యాసిడ్ కూడా చూపించండి.

మోకాలి మార్పిడి మీదున్నంత నమ్మకం ఈ వేలి కీలు మార్పిడి మీద ఇంకా కుదరలేదు. అడుగు వేసిన ప్రతిసారీ ఒంటి బరువు ఆ చిన్న కీలు మీదుగానే పోతుంది. పెట్టిన కీలు వదులవ్వచ్చు, అరగొచ్చు. 2016లో అమెరికాలో అనుమతి వచ్చిన, ఈ కీలులోనే పెట్టే కార్టివా అనే ఇంప్లాంట్‌ని 2024లో కంపెనీయే వెనక్కి తీసుకుంది. మార్చిన కీలు చెడిపోతే చివరికి అతికించాల్సిందే. అప్పటికి కొంత ఎముక పోయి ఉంటుంది కాబట్టి వేరేచోటి నుంచి ఎముక తెచ్చి పెట్టాల్సి రావచ్చు. రోజంతా కాళ్ల మీద ఉండే మనిషికి నేనైతే ఫ్యూజనే మంచిదంటాను. అరుగుదల ఇంకా మొదట్లోనే ఉంటే పైన పెరిగిన ఎముక మట్టుకు చెక్కేస్తే చాలు, దాన్ని కైలెక్టమీ అంటారు. అది సరిపోతుందేమో తప్పకుండా అడగండి.

ఈలోగా చెప్పులు మార్చండి. చెప్పుని రెండు చేతులతో పట్టుకుని వంచి చూడండి. వేళ్ల దగ్గర మడతపడితే అమ్మకి పనికిరాదు. అడుగు గట్టిగా ఉండి, ముందువైపు కాస్త పైకి లేచినది కొనండి.

ప్రశ్న
అన్నా, అమ్మ రోజూ నొప్పి బిళ్ల వేసుకుంటోంది. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుంటుంది.

జవాబు
కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం పక్కనే ఉండి అంత పని చేయకండి! డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి రోజూ వేస్తే కిడ్నీలకి ప్రమాదం. అవి ఆపించి, ముందు క్రియాటినిన్ పరీక్ష చేయించండి. పలాసలోనే కిడ్నీ ఆసుపత్రి ఉంది. ఆపరేషన్ సంగతి ఆ తర్వాత. షుగరు కూడా చూపించండి, ఎక్కువుంటే గాయం త్వరగా మానదు, ఎముక అతకడమూ ఆలస్యమవుతుంది.

జవాబు (విజయనగరం నుంచి)
మా అత్తగారికి ఫ్యూజన్ చేశారు బాబూ. ప్లేటు, స్క్రూలు వేశారు. ఆరు వారాల దాకా మడమ మీదే బరువు మోపే చెప్పుతో నడిచారు. ఇప్పుడు పైడితల్లి అమ్మవారి గుడికి నడిచే వెళ్తారు, నొప్పి మాటే లేదు. మునివేళ్ల మీద లేచి అటక అందుకోవడం మాత్రం కుదరదు. కింద గొంతుక్కూర్చుని లేవడం కూడా కష్టమే, బాత్రూంలో కమోడ్ పెట్టించాం. మీ అమ్మగారు పనిలో ఎలా కూర్చుంటారో డాక్టరుగారికి చూపించి మరీ అడగండి. ఆసుపత్రిలో వైద్యమిత్ర దగ్గరికి వెళ్లి, ఈ ఆపరేషన్ ఎన్టీఆర్ వైద్య సేవలో వస్తుందో లేదో, ప్లేటు ఖర్చు కూడా అందులోనే కలుస్తుందో లేదో ముందే కనుక్కోండి.