చెట్టు ఉండాలి, అమ్మ వీల్‌చైర్ కూడా వెళ్లాలి: మీ వీధిలో ఏం చేశారు?

పద్మారావునగర్ వాసి:
అమ్మ వీల్‌చైర్‌లోకి వచ్చి ఏడాదైంది. మందుల షాపు ఇంటికి 200 అడుగులే. మధ్యలో పెద్ద తురాయి చెట్టు. దాని వేళ్లు ఫుట్‌పాత్ టైల్స్‌ను జానెడు లేపేశాయి. అక్కడికి రాగానే కుర్చీని రోడ్డు మీదికి దించాలి, వెనక బస్సుల హారన్లు. రోజూ టెన్షనే. "చెట్టు కొట్టేస్తే సాఫీగా వేసేస్తా" అంటున్నాడు కాంట్రాక్టర్. అమ్మ ఒప్పుకోదు, నేనూ ఒప్పుకోను. మీరెలా సర్దుకున్నారు?

తెల్లకర్ర:
నాకు చూపు లేదు. తార్నాకలో రోజూ నడుస్తాను. వేళ్లు కర్రకు తగులుతాయి, కొమ్మలు తగలవు. కానుగ కొమ్మ ఒకటి కంటి పక్కనే గీరుకుపోయింది. దారి మీద 2.2 మీటర్ల ఎత్తు వరకు ఏదీ అడ్డు ఉండకూడదని ఐఆర్‌సీ (రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) మార్గదర్శకాల్లోనే ఉంది, కాబట్టి కొమ్మలు కత్తిరించమని అడగండి. చెట్టు కొట్టమని మాత్రం నేను అడగను. ఒంటికి నీడ తగిలితేనే మా సందు మలుపు వచ్చిందని నాకు తెలుస్తుంది.

సైట్ ఇంజినీర్:
తప్పు చెట్టుది కాదండీ, మాది. మొదలు దాకా కాంక్రీట్ పోసేస్తాం. గాలీ నీరూ అందక వేళ్లు టైల్స్ కింది ఇసుక పొరలోకి పాకి, లావెక్కుతూ వాటిని ఎత్తేస్తాయి. ఆ లావు వేళ్లు నరికి చదును చేశారా, మే నెల గాలివానకు చెట్టు కూలుతుంది. కింద మనిషి ఉండొచ్చు.
చెట్టు చుట్టూ మీటరు పాదు వదలండి. లేచిన చోట టైల్స్ తీసి, వేళ్ల మీద పలుచగా కంకర, ఇసుక పరిచి, రెండు వైపులా వాలు ఇవ్వండి. అంగుళం ఎత్తుకు 12 అంగుళాల పొడవు. జానెడంటే 9 అంగుళాలు, కాబట్టి అటు 9 అడుగులు, ఇటు 9 అడుగులు.

రామంతాపూర్:
మా ఫుట్‌పాతే 4 అడుగులు. పాదు వదిలితే ఏం మిగులుతుంది? వీల్‌చైర్‌కే 3 అడుగులు కావాలి. చెట్టు తీసి వేరేచోట రెండు మొక్కలు నాటడం మేలు.

అంబర్‌పేట:
రామంతాపూర్ గారూ, నేను చక్రాలు చేత్తో తిప్పుకునే మనిషిని. మే నెలలో నీడలేని దారిలో చక్రం పక్క స్టీలు రింగు పట్టుకుంటే అరచేయి కాలుతుంది. గ్లవ్స్ వేసుకుంటే చెమటకు జారుతుంది. మీ మొక్కలు నీడ ఇచ్చేసరికి ఎన్నేళ్లు?
మా వీధిలో వేపచెట్టు దగ్గర ఫుట్‌పాత్‌ను రోడ్డు వైపు వంపు తిప్పారు. నాలుగు బైకుల చోటు పోయింది. దుకాణాలవాళ్లు మొదట గొడవపడ్డారు. ఇప్పటికీ ఒకరిద్దరు వాలు మీదే బండి పెడతారు, రోజూ తీయమని అడగాల్సిందే. అయినా నేను రోడ్డెక్కకుండా పాల బూత్ దాకా వెళ్తున్నాను.
ఇంకోటి, చెట్టు కొట్టాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి. కాంట్రాక్టర్ మాట చాలదు.

పద్మారావునగర్ వాసి:
పొద్దున టేపు పెట్టి కొలిచాం. మొదలుకూ ప్రహరీకీ మధ్య 1.1 మీటర్లే. రోడ్డు వైపు ఎప్పుడూ ఒక కారు ఆగి ఉంటుంది, ఆ చోటు ఇప్పిస్తే వంపు తిరుగుతుంది. ఫొటోలు, కొలతలు పట్టుకుని సోమవారం ప్రజావాణికి, అదే అధికారులు జనం అర్జీలు తీసుకునే చోటికి, వెళ్తున్నా. ఇంజినీర్ గారూ, లేచింది జానెడు కాదు, సరిగ్గా 7 అంగుళాలు.

సైట్ ఇంజినీర్:
అయితే 7 అడుగుల చొప్పున వాలు చాలు. అర్జీలో పాదు సంగతి కూడా రాయండి, లేకపోతే మళ్లీ మొదలు దాకా పోసేస్తారు.