నూనె క్యాన్లు, పాత చీరలతో రూపచిత్రం: కోనసీమ తేమకి ఆగుతుందా?

అమలాపురం_కుంచె: ఈమధ్య కాలం చేసిన ఒకావిడ రూపచిత్రం, 4 అడుగుల ఎత్తు, 3 అడుగుల వెడల్పు, గ్రంథాలయం గోడకి చెయ్యాలండి. ఘనా కళాకారుడు సెర్జ్ అటుక్వేయ్ క్లాటీ దారిలో ముఖానికి పసుపు రంగు ప్లాస్టిక్ నూనె క్యాన్లు, కట్టుకి ఆవిడ చీరలే. ముక్కలు దేంతో కుట్టాలి, చీర దేంతో అతకాలి? అంచుకి ఘనా వాళ్ళ అడింక్రా గుడ్డల మీద ఉండే ముద్రలు వెయ్యొచ్చా?

లంక_గట్టు: చిన్న సవరణండి. క్లాటీ క్యాన్ ముక్కలతో చేసేవి ఎక్కువగా గోడకి వేలాడే తెరలు, ముసుగులు. మనుషుల బొమ్మలు కార్కు బోర్డు మీద ఆయిల్ రంగులు, డక్ట్ టేపుతో వేస్తాడు. అయినా మీ ఆలోచన కుదురుతుంది. కాలువలకి నీళ్ళు ఆపేసినప్పుడు శివారు ఊళ్ళు నీళ్ళు మోసేదీ ఈ క్యాన్లతోనేగా. ఘనాలోనూ నూనె అయిపోయాక నీళ్ళకే వాడారు.

క్యాన్ పక్కలు కోసి సర్ఫు నీళ్ళతో జిడ్డు వదిలించి, మరిగే నీళ్ళలో రెండు నిమిషాలు ఉంచి బరువు కింద పెడితే వంకర తగ్గుతుంది. బుగ్గలకి అంగుళం ముక్కలు, కళ్ళూ పెదాల దగ్గర అరంగుళం. అడుగున్నర ముఖానికి 250 ముక్కల పైమాటే. కాల్చిన మేకుతో బెజ్జం పెట్టకండి, అంచు ముద్దకడుతుంది, పొగ కూడా మంచిది కాదు. 2 మి.మీ. డ్రిల్ బిట్‌తో, అంచుకి 5 మి.మీ. లోపలగా పెట్టండి, ఇంకా అంచుకి జరిగితే చిరుగుతుంది.

తీగకి మోటారు వైండింగ్ షాపులో 22 గేజి కొత్త రాగి తీగ అడగండి. ఎనామిల్ పూత ఉంటుంది కాబట్టి ఉప్పుగాలికి తొందరగా చిలుము పట్టదు. కాలిన మోటారులోంచి ఊడదీసిన తీగకి పూత పోయుంటుంది, వంచితే తెగుతుంది. ముక్కల మధ్య బియ్యపుగింజంత సందు వదలండి, లేకపోతే ఎండకి సాగి బొమ్మ ఉబ్బుతుంది. ఈ ప్లాస్టిక్కుకి పెయింటు పట్టదు, పొరలుగా లేచిపోతుంది. నీడలకి నల్ల ఇంజనాయిల్ డబ్బాలు, వెలుగుకి ఎండకి వెలిసిన క్యాన్లు ఏరుకోండి.

నూలుపోగు: చీరల్లో గంజి మొత్తం పోయేదాకా ఉతకండి. గంజి ఉంటే బూజు, బొద్దింకలు రెండూ తప్పవు. మైదా జిగురు వద్దనడానికీ కారణం అదే. బుక్ బైండింగు వాళ్ళలా మైలతుత్తం కలుపుదామంటే అది విషం, పైగా లేత చీరకి నీలం దిగుతుంది. ఫెవికాల్ రెండు పాళ్ళు, నీళ్ళు ఒక పాలు. ఇంకా పల్చనైతే పైకి ఊరి మచ్చ మెరుస్తుంది. చీర అతికే ప్లైవుడ్ వెనక్కీ అదే పూత వెయ్యండి, లేదంటే బోర్డు ముందుకి వంగుతుంది. గోడకీ బోర్డుకీ మధ్య ముప్పావంగుళం చెక్కముక్కలు పెట్టి గాలాడనివ్వండి.

రావులపాలెం_రంగులు: అడింక్రా వద్దండి. అది ఘనాలోని అకాన్ జనం మొదట్నుంచీ చావుకి కట్టే గుడ్డ, కుమాసీ దగ్గర న్టోన్సోలో పేరుపడ్డ పని. ఎండిన ఆనపకాయ డిప్ప మీద అచ్చులు చెక్కి, బెరడు కాచిన రంగుతో అద్దుతారు. ఒక్కో ముద్రకీ ఒక్కో అర్థం. వాళ్ళకి ఎరుపు కూడా సంతాపం రంగే, మనకి ముత్తయిదువ రంగు. రెండూ కలిపితే చూసేవాళ్ళకి ఏదీ అందదు.

తీసుకోవాల్సింది క్లాటీ 2016లో అక్రాలో చేసిన ‘మై మదర్స్ వార్డ్‌రోబ్’ నుంచి. అక్కడి ఆనవాయితీలో తల్లి బట్టలు కూతుళ్ళకి చెందుతాయి. ఈయన కొడుకై ఉండి, ఆడవాళ్ళ బట్టలు కట్టుకున్న మగవాళ్ళతో ప్రదర్శన చేశాడు. గుడ్డే మనిషికి గుర్తు. అందుకని చీర అంచు కొయ్యకుండా బొమ్మకి చుట్టూ తిప్పండి. కత్తెర పెట్టేముందు ఇంట్లోవాళ్ళని అడగండి, పెద్దకర్మకి ముందు అసలు అడగొద్దు.

అమలాపురం_కుంచె: మంచిదండి. వాళ్ళిచ్చిన అయిదింటిలో రెండు నైలెక్సు (నైలాన్ రకం).

నూలుపోగు: నైలెక్సుకి ఫెవికాల్ సరిగా పట్టదండి. ముందు నూలుగుడ్డకి టాకా వేసి, ఆ గుడ్డని అతకండి.