గుడ్ ఫ్రైడే నాడు నొప్పి మాత్ర మానేయొచ్చా?

కందుకూరు జపమాల: క్యాన్సర్‌తో మంచాన పడ్డ ఒక పెద్దావిడ మార్ఫిన్ మాత్రలు వాడుతుండాది. గుడ్ ఫ్రైడే ఒక్కరోజు మానేసి ఆ నొప్పిని ప్రభువుకు అర్పిస్తానంటోంది. ఇంటోళ్లు సరేనన్నారు. మీరేమంటారు?

కావలి ఉపదేశి: ఇందులో అడగడానికేముంది? కొలొస్సీ 1:24 తీయండి. క్రీస్తు శ్రమల్లో కొదువైనదాన్ని శ్రీసభ (కతోలిక సంఘం) కోసం తన శరీరంలో పూర్తి చేస్తున్నానంటాడు పౌలు. రెండో జాన్ పాల్ పోపుగారు 1984 ఫిబ్రవరి 11న శ్రమ గురించి రాసిన లేఖ మొదలయ్యేదే ఆ మాటతో. సిలువ వేసిన గొల్గొతాలో నొప్పి తెలియకుండా బోళం కలిపిన ద్రాక్షరసం ఇస్తే ప్రభువు తీసుకోలేదు (మార్కు 15:23). ఆమె ఆ దారే పట్టింది.

ఒంగోలు నర్సమ్మ: అన్నా, మామూలు మార్ఫిన్ మాత్ర 4 గంటలకోసారి వేయాలి. నొప్పి మళ్లీ లేవకముందే తర్వాతి డోసు పడాలి. రోజూ వాడే మనిషి ఒక్కసారిగా ఆపితే నొప్పి ఒక్కటే రాదు. చెమటలు, విరేచనాలు, కడుపులో మెలిపెట్టడం, నిద్ర పట్టకపోవడం. మధ్యాహ్నం సిలువ ఆరాధన వేళకి ఆమె ఒక్క పరలోక జపం కూడా పూర్తిగా చెప్పలేకపోతుంది.

పొదిలి విచారణ: మాత్ర వేసుకుంటే సత్ప్రసాదం (పూజలో క్రీస్తు శరీరంగా ఇచ్చే అప్పం) తీసుకోకూడదంటారు కదా?

ఒంగోలు నర్సమ్మ: తప్పు. శ్రీసభ నియమావళి అయిన కానన్ చట్టం 919 ప్రకారం సత్ప్రసాదానికి ముందుండే గంట ఉపవాసానికి నీళ్లు, మందులు అడ్డు కాదు. ముసలివాళ్లకు, జబ్బుపడ్డవాళ్లకు, వాళ్లకు సేవ చేసేవాళ్లకు ఆ గంట నియమమే లేదు.

కావలి ఉపదేశి: నేను ఉపవాసం సంగతి ఎత్తలేదు. బోళం ద్రాక్షరసానికి జవాబు చెప్పండి.

నెల్లూరు వేదపాఠం: నేను చెప్తా. 1980లో రోము విశ్వాస సిద్ధాంత విభాగం ఇచ్చిన ప్రకటన ఈ మాటే ఎత్తుకుంది. ప్రభువుతో కలవాలని మందు తగ్గించుకుని కొంత నొప్పి భరించేవాళ్లుంటే ఆశ్చర్యపోనక్కర్లేదంది. అదే వీరత్వాన్ని అందరికీ నియమంగా పెట్టడం వివేకం కాదంది. అది చెప్పింది తగ్గించుకోవడం గురించి, పూర్తిగా మానేయడం గురించి కాదు. శ్రీసభ బోధల పుస్తకం సత్యోపదేశం 2279 చూడండి: నొప్పి మందు వల్ల ఆయుష్షు తగ్గే ప్రమాదమున్నా, చంపాలనే ఉద్దేశం లేకపోతే వాడొచ్చు.

కావలి ఉపదేశి: తప్పనలేదని మీరే ఒప్పుకున్నారుగా!

 

ఒంగోలు నర్సమ్మ: ఆ మాట తనంతట తాను ఎంచుకున్న మనిషి గురించి! మూలిగితే విశ్వాసం చాలలేదంటారు మంచం చుట్టూ కూర్చున్నోళ్లు. నెలల తరబడి ఆ మాట విన్న మనిషి మానేస్తానంటే అది ఆమె ఇష్టమెట్టా అవుతుంది? సిలువ మార్గం ఐదో స్థలంలో సీమోను ప్రభువు సిలువకు భుజం పెట్టాడు. ఇంకాస్త మోయమని పక్కన నిలబడి చెప్పలేదు. మీరు మాత్రం పక్కన నిలబడి మోయమంటున్నారు.

కావలి ఉపదేశి: అంత మాట వద్దమ్మా. నా బాధ మాత్ర గురించి కాదు. మీరు నొప్పి తీసి వెళ్తారు. తర్వాత ఆమెకు మిగిలేదేంది? ఇంటికి బరువైపోయాననుకుంటుంది. నీ శ్రమతో లోకానికి పని ఉండాదని చెప్పేది శ్రీసభ ఒక్కటే. ఆ మాట కూడా లాక్కుంటే ఆమె గోడ వైపు తిరిగి పడుకుంటుంది.

ఒంగోలు నర్సమ్మ: అన్నా, ఆ మాట నేనూ లాక్కోను. నొప్పి పోయినా ఆమె దగ్గర అర్పించడానికి చాలా ఉంటాయి. లేవలేకపోవడం, స్నానానికి ఇంకొకరి చేయి పట్టాల్సి రావడం, అన్నం సహించకపోవడం, రాత్రిళ్లు భయం. వీటిని ఏ మాత్రా తీయదు. నొప్పి అదుపులో ఉంటేనే వాటిని నోరు తెరిచి ప్రభువుకు చెప్పుకోగలదు.
డోసు వేసిన గంటకు ఫాదర్‌ను రమ్మనండి, అప్పటికి నొప్పి తగ్గి ఉంటుంది. వ్యాధిగ్రస్తుల అభ్యంగనానికి (జబ్బుపడ్డవాళ్లకు ఫాదర్ తైలం పూసి చేసే ప్రార్థనకు) ఆఖరి గడియ దాకా ఆగొద్దు. తైలం నుదుటికి, చేతులకు పూస్తారు, జబ్బు ముదిరితే మళ్లీ ఇవ్వొచ్చు. మింగలేకపోతే సత్ప్రసాదం చిన్న ముక్క, వెంట చెంచాడు నీళ్లు. మార్ఫిన్‌తో మలబద్ధకం తప్పదు, సాఫీ మందు మొదటి రోజు నుంచే ఇవ్వండి.

కందుకూరు జపమాల: ఆమె ఇష్టమేందో ఎవరు అడగాలి? ఇంట్లో ఎప్పుడూ నలుగురుంటారు.

కావలి ఉపదేశి: పాపసంకీర్తనానికి (ఆమె పాపాలు ఒప్పుకునేది వినడానికి) ఫాదర్ వస్తే అందరూ ఎట్టాగూ బయటికి పోవాలి. ఆ వేళ మాత్రల సంగతి ఆమెతో మాట్లాడమని ఆయనకు ముందే చెప్పి పెట్టు. లోపల విన్నది ఆయన బయట పెట్టరు. తర్వాత ఆమె మాత్ర కావాలంటే మాత్రం, ఇంటోళ్లు ఒక్క మాట కూడా అనకూడదు. అది నేనొచ్చి చెప్తా.