ఫ్రీ డిష్ సిగ్నల్ రావట్లేదు, ఏం చేయాలి?

మాది దేవరకొండ దగ్గర ఊరు. మా నాయనమ్మకు డీడీ యాదగిరి ఛానల్ ఒక్కటి వస్తే చాలు, అందుకే నెలనెలా డబ్బులు కట్టే పని లేని డీడీ ఫ్రీ డిష్ పెట్టించినం. మొన్నటి గాలివానకు డిష్ గొడుగు కదిలింది, అప్పటి నుంచి టీవీ బంద్. పాపం, సాయంత్రం పూట ఒక్కతే ఊరికే కూర్చుంటోంది, చూస్తే మనసొప్పట్లేదు.

ఫ్రీ డిష్ ఛానళ్లు పంపే జీశాట్-15 ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పున ఉంటుంది కాబట్టి మనకు ఆగ్నేయం వైపే కదా, అటే తిప్పి చూశాను. బాక్సులో సిగ్నల్ స్ట్రెంత్ చూపిస్తోంది, క్వాలిటీ మాత్రం సున్నా. గొడుగు ఇంకా సరిగ్గా కుదరలేదా, లేక ఎల్‌ఎన్‌బీలో (గొడుగు ముందు కడ్డీకి ఉండే, సిగ్నల్ అందుకునే చిన్న పరికరం) నీళ్లు పోయాయా? కొత్తది కొనకముందే తెలుసుకునే ఉపాయం ఏమైనా ఉంటే చెప్పండి ప్లీజ్.